దిగి పిలవండి: మాచర్ల మీదుగా కరెంటు కారులో

చలికాలం సంచికలో నేను రాసిన "డీజిల్ లారీ మీద కరెంటు కారు" చదివి మీలో చాలామంది నవ్వుకున్నారు. చదవనివాళ్ళు కూడా ఫోటో చూసే ఉంటారు. కాలవ గట్టు పక్కన లారీ, దాని మీద మా తెల్ల కారు, ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నేను. మన వర్తక సంఘం పత్రిక నరసరావుపేట దాటి పోదు గానీ ఆ ఫోటో మాత్రం నేను ఎరగని ఊళ్ళన్నీ తిరిగింది. పెళ్ళిళ్ళలో నన్ను చూసి "ఆ లారీ ఆయనేగా" అని పలకరించినవాళ్ళు ఉన్నారు. అప్పుడు నాకది బాగానే ఉండేది.

ఆ వ్యాసంలో ఒక తప్పు ఉంది. మాచర్ల దాటాక సాగర్ దారిలో, నాపరాయి బండలు కోసే మిల్లు ముందున్న చార్జింగు మిషను పని చేయదనీ, అది రోడ్డు పక్కన పెట్టిన దిష్టిబొమ్మ అనీ రాశాను. అది నిజం కాదు. ఆ రోజు నేను వెళ్ళేసరికి మిషనులో దీపం లేని మాట వాస్తవం. ఏసీ వేసుకుని కారులోనే కూర్చుని హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. కోపం వచ్చి ముందుకు పోనిచ్చాను. ముందురోజు కోటప్పకొండ తిరిగొచ్చిన కారును మళ్ళీ నిండా చార్జింగు పెట్టకుండానే బయలుదేరిన సంగతి వ్యాసంలో రాయలేదు. సాగర్ చేరకముందే కారు ఆగిపోయింది. ఖాళీగా వెళుతున్న బండల లారీవాళ్ళు లారీని కాలవ గట్టుకు ఆనించి, గట్టు మీద నుంచి కారును తోసి ఎక్కించి పుణ్యం కట్టుకున్నారు.

దుర్గి నుంచి మా కొట్టుకు మిరప మందుల కోసం వచ్చే రైతు ఒకాయన మొన్న వేసవి మొదట్లో ఈ మాట ఎత్తాడు. "అది చేస్తది షావుకారూ. నువ్వు దిగి పిలవలేదంట" అన్నాడు. ఆ తర్వాత చెప్పిన మాట ఇంకా ఇబ్బంది పెట్టింది. నా రాత తర్వాత అటు కార్లు రావడం తగ్గిందట. ఎండాకాలం అయ్యేలోపు రాకపోకలు పెరగకపోతే మిషను పెట్టిన కంపెనీవాళ్ళు దాన్ని పీకి హైవే మీదికి మార్చుకుంటారట. అది పోతే పిడుగురాళ్ళకూ సాగర్‌కూ మధ్య, నాకు తెలిసినంతలో, గబగబా చార్జింగు ఎక్కించే మిషను ఇంకోటి లేదు.

నేనూ కొట్టు నడిపే మనిషినే. నా కొట్టు ముందు ఎవరైనా కారులోంచే హారన్ కొట్టి పురుగుమందు డబ్బా తెమ్మంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట మా ఆవిడ సరళ ఆ రోజంతా నాకు గుర్తు చేస్తూనే ఉంది. హైదరాబాదులో వాళ్ళ అక్కగారింటికి వెళ్ళే పని ఎలాగూ ఉంది. అదే కారులో, అదే దారిన, ఈసారి నడి ఎండల్లో వెళ్ళొచ్చాం. కరెంటు కారులో దూరం పోలేమని నేను మీకు చెప్పాను కాబట్టి, పోగలమని చెప్పే బాధ్యత కూడా నాదే.

పిడుగురాళ్ళ

ఈసారి కారు నిండా చార్జింగుతో బయలుదేరింది. అయినా పిడుగురాళ్ళలో హైవే పక్క హోటలు దగ్గర ఆగి, అక్కడున్న చార్జింగు మిషనుకు కారు పెట్టాం. సున్నం బట్టీల తెల్లటి దుమ్ము అక్కడ చెట్ల ఆకుల మీద కూడా ఉంటుంది. ఇడ్లీ మన నరసరావుపేటలో కంటే పది రూపాయలు ఎక్కువ, చట్నీలో కారం మాత్రం మనకంటే తక్కువ. హైవే జనం కోసం తగ్గించామని వడ్డించే ఆయన చెప్పాడు. పల్నాడులో కారం తగ్గించుకున్న హోటలు చూడడం నాకు అదే మొదలు.

పక్క మిషనుకు ఇంకో కరెంటు కారు పెట్టి ఉంది. దాని డ్రైవరు హైదరాబాదు వైపు మనిషి, కిరాయికి గుంటూరు వస్తూ పోతూ ఉంటాడు. కారు ఎలా నడపాలో ఊరికే పాఠం చెప్పాడు. గట్టిగా తొక్కితే చార్జింగు కళ్ళ ముందే కారిపోతుందట. ఏసీ కంటే వేగమే ఎక్కువ తింటుందట. మనం తినడానికి ఆగిన ప్రతిచోటా కారుకూ పెట్టాలి, కారు కోసమని విడిగా ఆగకూడదు, అప్పుడు ఆలస్యమే తెలియదన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. మేము మాచర్ల మీదుగా వెళుతున్నామని చెప్పగానే మాత్రం తల అడ్డంగా ఊపి ఫోన్ తీశాడు.

"అన్నా, గా దిక్కు పోకుండ్రి. ఆడ మిషను నడవదు. గీ సారును సూడు, లారీ ఎక్కిచ్చిండ్రు."

ఫోన్‌లో నేనున్నాను. టోపీ పెట్టుకుని ఉండడం వల్ల అతను గుర్తు పట్టలేదు. నేను ఇడ్లీ నములుతూ ఏం చెప్పాలా అని చూస్తుంటే సరళ ఆ పని పూర్తి చేసింది.

"ఆ సారు ఈయనే బాబూ. మిషను నడుస్తుంది. ఈయనే నడవలేదు, నాలుగడుగులు వేసి గేటు దాకా పోలేదు."

అతను నన్నూ ఫోటోనూ రెండుసార్లు చూసి, నవ్వొచ్చినా ఆపుకుని, ఆ ఫోటో తమ డ్రైవర్లందరి దగ్గరా ఉందనీ, అప్పటినుంచీ ఎవరూ మాచర్ల దారి ఎక్కడంలేదనీ చెప్పాడు. అక్కడికి పోయి చూసి నిజం చెబితే అందరికీ పంపుతానని నంబరు ఇచ్చాడు. దుర్గి రైతు చెప్పింది విన్నప్పుడు కొంచెం అనుమానం ఉండేది, ఒక్క వ్యాసానికి అంత బలం ఉంటుందా అని. ఆ అనుమానం పిడుగురాళ్ళలో పోయింది.

రెంటచింతల

గురజాల దాటి రెంటచింతల చేరేసరికి పొద్దు వాలింది. ఎండల మాట వచ్చినప్పుడల్లా వార్తల్లో వినే ఊరు. పొద్దు వాలినా గోడలు వేడి కక్కుతున్నాయి. అక్కడ మా వ్యాపారంలోనే ఉన్న ఆంజనేయులు ఇంట్లో మకాం. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఇరవై ఏళ్ళుగా నన్ను బావా అంటాడు, సరళను అక్కా అంటాడు.

ఏసీకి పెట్టిన ప్లగ్గులోనే కారు చార్జరు పెట్టాం. పచ్చదీపం రావలసిన చోట ఎర్రదీపం వచ్చింది. తీసి పెట్టాను, మళ్ళీ ఎర్రదే. చార్జరు పోయిందేమో, ఇంకో లారీ ఫోటో తప్పదేమో అనిపించింది. ఆంజనేయులు తాపీగా వచ్చి చూసి, "ఎర్తు అందట్లా బావా. ఎండకి గుంట ఎండిపోయుంటది" అని ఇంటి వెనక్కి పోయాడు. మన రైతులు మోటార్లకు చేసే పనే. రాగి రేకు పాతిన గుంటలో ఉప్పు వేసి రెండు బిందెల నీళ్ళు పోసి వచ్చాడు. కాసేపటికి పచ్చదీపం వెలిగింది.

"మనుషులకే నీళ్ళు దొరకని ఊళ్ళో కారుకి కూడా నీళ్ళు పోయించావు గదా" అన్నాడు.

కరెంటు కారు కొన్నవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి. బంధువుల ఇళ్ళల్లో కారు చార్జింగు ఎక్కకపోతే కారునో చార్జరునో తిట్టే ముందు, ఆ ఇంటి ఎర్తు గుంట ఎప్పుడు తడిపారో అడగండి. మోటార్ల పని తెలిసిన మనిషిని పిలిచి చూపించుకోండి.

రాత్రి భోజనంలో దోసకాయ పప్పు, పండుమిరపకాయ పచ్చడి, జొన్నరొట్టె. పచ్చడికి కళ్ళ నీళ్ళు వచ్చాయి, అయినా మళ్ళీ వేయించుకున్నాను. పేటలో మనం జొన్నరొట్టె డాక్టరు చెబితే తింటాం, అక్కడ ఆకలేస్తే తింటారు. తిని పడుకున్నాక గాలివాన లేచింది. కరెంటు పోయింది, పొద్దునకు గానీ రాలేదు. లేచి చూస్తే కారులో ముప్పావు వంతు ఉంది. సాగర్ దాకా బెంగ లేదు, హైదరాబాదుకు మాత్రం చాలదు. ఆంజనేయులు మధ్యాహ్నం దాకా ఉండి నింపుకుని పొమ్మన్నాడు. సరళ ఒప్పుకోలేదు. "మాచర్లలో మిషను ఉందిగా, అక్కడ పెట్టుకుందాం" అంది. మిషను మీద నమ్మకం నాకంటే ఆవిడకే ఎక్కువ ఉంది.

బండల మిల్లు

మాచర్ల దాటాక రోడ్డుకు ఇరుపక్కలా నాపరాళ్ళు నిలువుగా పేర్చి ఉంటాయి, దూరం నుంచి పెద్ద పెద్ద పుస్తకాల్లా. మిల్లు ముందు ఆగాం. మిషను ఉంది. దీపం లేదు.

దిగాను. రంపం బ్లేడు తిరిగే మోతకు పక్కన నిలబడ్డ సరళ మాట కూడా వినపడలేదు. నేను కొట్టిన హారన్ లోపలికి ఎంత వినపడి ఉంటుందో అప్పుడు తెలిసింది. గేటు దాకా నడిచి, "అమ్మా, ఎవరండీ లోపల?" అని కేకేశాను. రెండో కేకకు ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. చీర కొంగు నెత్తికి చుట్టి ఉంది, కనుబొమ్మల మీద కూడా రాతి పొడి. పేరు నాగేంద్రమ్మ. మిల్లు ఆవిడా, ఆవిడ ఇద్దరు మరుదులూ కలిసి నడుపుతారు.

"మిషను ఆగలేదన్నయ్యా, ఆపాం. బ్లేడు బండ మధ్యలో ఉంది. ఇప్పుడు నీ కారు కరెంటు లాగితే బ్లేడు బిగుసుకుంటది, బండ పగులుద్ది. కోత అయినాక కరెంటు మొత్తం నీకే. నీడకి కూర్చోండి."

విషయం ఇంతే. మిల్లుకు ఇచ్చిన కరెంటు బండల కోతకూ కారు చార్జింగుకూ ఒకేసారి చాలదు. ఒకటి నడిచేటప్పుడు రెండోది ఆపుతారు. కోత పూర్తయ్యాక కారుకు ఇస్తారు. అన్నం వేళ అయితే బ్లేడు ఎలాగూ ఆగుతుంది కాబట్టి ఎదురుచూపే ఉండదు.

నేనెవరో చెప్పాను.

"తెలుసులే. ఫోటోలో చానాసార్లు చూశా" అంది. "ఫోటోలో ఇంకొంచెం ఒళ్ళు చేసున్నావు."

ఆ రోజు హారన్ కొట్టానని చెప్పాను. అక్కడ పిడుగు పడినా వినపడదనీ, గేదెల్ని తోలుకుపోయేవాళ్ళు కూడా నీళ్ళు కావాలంటే గేటు దాకా వచ్చి పిలుస్తారనీ అంది. దీపం ఎందుకు లేదో ఒక బోర్డు రాసి పెట్టుకోవచ్చుగా అన్నాను. అడగకుండా ఉండవలసింది.

"పిలవటం తెలియనోళ్ళు ఉంటారని మాకేం తెలుసు?" అంది.

కంపెనీవాళ్ళు అంటించిన అట్ట మీద ఇరవై నాలుగు గంటలూ అని ఉంది. ఆ మాట తాను ఎప్పుడూ చెప్పలేదనీ, వాళ్ళు అన్ని ఊళ్ళకూ అదే అట్ట పంపుతారనీ చెప్పింది. అసలు బాధ తర్వాత చెప్పింది. రోడ్డు వార ఉన్న ఆ కాస్త స్థలం బండలు పేర్చుకోవడానికి కావాలని మరుదులు గొడవపడ్డారట. కార్లు వస్తాయి, వచ్చినవాళ్ళు బండలు కూడా చూస్తారు, కొంటారు అని ఆవిడే పట్టుబట్టి మిషను పెట్టించింది. మొదట్లో కార్లు వచ్చాయి. ఒకాయన ఇంటి వరండాకు బండలు కూడా కొన్నాడు. నా వ్యాసం తర్వాత వారానికి ఒకటి వస్తే గొప్ప.

"మొన్న కంపెనీవాళ్ళు వచ్చి చూసిపోయారు. ఎండాకాలం అయ్యేదాకా చూస్తామన్నారు. వాళ్ళు దీన్ని పీకిన రోజు మా ఇంట్లో నా మాట కూడా పోద్ది అన్నయ్యా. ఇంకే పనికీ నన్నడగరు."

మళ్ళీ రాస్తాను, తప్పు నాదేనని రాస్తాను అన్నాను.

"రాయి. జాలి గీలి మాత్రం రాయబాక. మిషను ఎట్టా పని చేస్తదో అంతవరకు రాయి."

అంతలో కోత అయింది. మోత ఆగాక చెవుల్లో ఇంకా కాసేపు ఉంది. ఆవిడ లోపలికి పోయి మెయిను మార్చింది. మిషనులో దీపం వచ్చింది, కారు చార్జింగు ఎక్కడం మొదలైంది. పనివాళ్ళు సద్ది మూటలు విప్పుకుని కూర్చున్నారు. మాకు కూడా తలా ఒక ముద్ద గోంగూర అన్నం పెట్టారు. ఆ అన్నం తినడానికి నాకు మొహమాటం వేసింది, సరళకు వేయలేదు.

కారుకు చార్జింగు ఎక్కుతున్నంతసేపూ ఊరికే కూర్చోలేక, బండల మీద కొలతలు రాసే నల్లరంగు, బ్రష్షు అడిగాను. ఒక మూల పగిలిన బండ చూపించి దాని మీద రాయమంది. కొట్టు బోర్డులు రాయించిన అనుభవంతో నేను పెద్ద పాఠమే మొదలుపెట్టాను. వినియోగదారులకు మనవి, సాంకేతిక కారణాల వల్ల అని రెండు వరుసలు రాసేసరికి నాగేంద్రమ్మ వచ్చి చూసింది.

"ఇంత చదివేలోపు కారు సాగర్ పోద్ది. చెరుపు."

గుడ్డతో తుడిచి ఆవిడ చెప్పినట్టే రాశాను. "దీపం లేకపోతే బండ కోత నడుస్తున్నట్టు. దిగి పిలవండి." కింద మిల్లు ఫోన్ నంబరు. బండను మిషను పక్కన నిలబెట్టాం. పిడుగురాళ్ళ డ్రైవరుకు దాని ఫోటో, చార్జింగు ఎక్కుతున్న కారు ఫోటో పంపాను. ఈ ఫోటోలో నేను లేను.

సాగర్ అవతల

సాగర్ వైపు దిగుడు ఉన్న చోట కాలు తీసేస్తే కారు తనే నెమ్మదిస్తూ కాస్త చార్జింగు వెనక్కి తెచ్చుకుంటుంది. పోయినసారి ఆ అంకెలు ఒక్కొక్కటే తగ్గుతుంటే చెమటలు పట్టాయి, ఈసారి ఒకటి పెరిగితే సరళ చప్పట్లు కొట్టింది. నేను ఆగిపోయిన చోటు చూపించాను. అక్కడ ఏమీ లేదు, ఒక తుమ్మచెట్టు తప్ప.

విజయపురి సౌత్‌లో చేపల వేపుడు తిన్నాం. ముక్క పెద్దది, ధర మన పేటలో కంటే తక్కువ, కారం మన కారమే. కృష్ణ దాటగానే మాట కొంచెం మారుతుంది, రోడ్డు కొంచెం వెడల్పవుతుంది. మల్లేపల్లి దాటాక టీ కొట్టు ఆవిడ మా కారు చప్పుడు లేకుండా వచ్చి పక్కన ఆగితే ఉలిక్కిపడి, "దయ్యం లెక్క వచ్చినవ్ కదనే" అంది. చాయ్‌లో అల్లం ఘాటు మనకంటే ఎక్కువ. కారుకు ఏమీ అవసరం పడలేదు, మాకే పడింది.

హైదరాబాదు చేరేసరికి కారులో ఇంకా అయిదో వంతు మిగిలింది. ఊళ్ళో చార్జింగు మిషన్లు వీధికొకటి ఉన్నాయి. వరసలో నిలబడాలి, ఫోన్‌లో డబ్బు కట్టాలి, వాటిలో ఒకటి తంతే తప్ప మొదలవదు. పిలవడానికి అక్కడ మనిషి లేడు. ఏది మేలో నేను చెప్పను. నాకు మాత్రం గోంగూర అన్నం గుర్తొచ్చింది.

తిరుగు దారి

తిరిగి వచ్చేటప్పుడు ముందే నాగేంద్రమ్మకు ఫోన్ చేశాను. అన్నం వేళకు రమ్మంది. సాగర్‌లో డ్యామ్ చూస్తూ మేమే ఆలస్యం చేశాం. వెళ్ళేసరికి అన్నాలు అయిపోయి కోత మళ్ళీ మొదలైంది. దీపం లేదు. లోపలికి పోయి కనపడి, కారును బండల వెనక నీడకు పెట్టుకుని, అరుగు మీద కూర్చున్నాం. మేము వెళ్ళాక కార్లు ఏమైనా వచ్చాయా అని అడిగితే రెండొచ్చాయని చెప్పింది. వాటిలో ఒకటి ఆ పిడుగురాళ్ళ డ్రైవరుదట, బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగిపోయాడట. కంపెనీవాళ్ళు ఏం తేలుస్తారో ఎండాకాలం అయ్యాక గానీ తెలియదు. నేను ఇది రాస్తున్న వేళకు మిషను అక్కడే ఉంది. మీరు సాగర్ వెళ్ళినా, హైదరాబాదు వెళ్ళినా అటు వెళ్ళండి. అన్నం వేళకు వెళితే ఆగే పని కూడా ఉండదు.

మేము కూర్చుని ఉండగానే నీలం రంగు కారు ఒకటి వచ్చి మిషను ముందు ఆగింది. తెలంగాణ నంబరు. నడిపే ఆయన ఫోన్ చూశాడు, మిషను చూశాడు, హారన్ కొట్టాడు. నేను లేచాను.

"కూర్చోండి" అని సరళ చొక్కా పట్టుకు లాగింది. "ఆ బోర్డు రాసింది ఎందుకు మరి?"

మళ్ళీ హారన్. బ్లేడు మోతలో మాకే సరిగా వినపడలేదు. కారు వెనక్కి కదిలింది, చక్రాలు రోడ్డు వైపు తిరిగాయి. అప్పుడు కారు ఆగింది. రెండో వైపు తలుపు తీసుకుని ఒక పెద్దావిడ దిగి, బండ దగ్గర వంగి చదివింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రాళ్ళ ముక్కల మధ్య గేటు దాకా నడిచింది.

"అక్కా! ఓ అక్కా! ఎవరన్న ఉన్నరా?"

లోపల్నుంచి నాగేంద్రమ్మ చెయ్యి ఎత్తి చూపించింది, వస్తున్నా ఆగమని. బ్లేడు చివరి జానెడు కోసింది. బండ రెండుగా విడిపోయింది. మోత ఆగింది. దీపం వెలిగింది.

నేను కారు తేవడానికి తాళాలు తీసుకుని లేచాను. నాగేంద్రమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ మా వైపు వచ్చింది.

"నువ్వాగు అన్నయ్యా" అంది. "వాళ్ళు కొత్తోళ్ళు, ముందు వాళ్ళకి పెడదాం. నువ్వు ఇంటోడివేగా."

తాళాలు జేబులో వేసుకుని మళ్ళీ అరుగు మీద కూర్చున్నాను.